నీళ్ళు వదిలే తారీకు

పదో తారీకు అని చెప్పమన్నాడు. ఒక్క మాట. లోపలికి పిలవగానే నమస్కారం పెట్టి, జూన్ పదో తారీకుకి లాకుల పని అయిపోతుందండీ అని చెప్పేసి బయటికి వచ్చెయ్యమన్నాడు, నోరు తెరిచి మూసేంత సేపు, అయినా మార్తకి ఇప్పట్నించే నాలుక పిడచకట్టుకుపోతోంది, ఇరిగేషన్ ఆఫీసు వరండాలో బెంచీ చెక్క చీర మీంచి కాలుస్తోంది, మే నెల బెజవాడ, కరెంటు లేదు, మూసిన తలుపు వెనకాల ఓనరు రామకోటేశ్వరరావు గారి గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు గానీ ఆ ధీమా తెలుస్తోంది, ఆయన నవ్వుతున్నాడు, కంప్యూటర్ చెప్పిందండీ అంటున్నాడేమో, ఈ జిల్లాలో ఏ కాంట్రాక్టరు దగ్గరుందండీ కంప్యూటరు, ఆ సెక్షన్ చూసే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాను, ఎమ్మెస్సీ లెక్కలు చదివింది, ఆవిడే చెప్తుంది అంటున్నాడేమో. ఆవిడే చెప్తుంది. ఏం చెప్తుంది ఆవిడ? పాత మిషను జూన్ ఆఖరు అంది. కొత్తది జూన్ పది అంటోంది. అవే పనులు, వాళ్ళే మనుషులు, అదే కాలవ. మధ్యలో ఆ రోజులన్నీ ఎక్కడికి పోయాయి? కాగితాలు ముందేసుకుని వెతికీ వెతికీ కళ్ళు మంటలెత్తుతున్నాయి, నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, ప్రభువా ఒక్క ఆనవాలు చూపించు అని ప్రార్థన చేసుకుంది, ప్రార్థన మధ్యలో కూడా అంకెలే వచ్చాయి.

ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదుల్తారు, ఆ మధ్యలో కాలవ అడుగు ఎండి మనుషులు దిగడానికి వీలయ్యే ఆ కాస్త కాలంలోనే లాకులు కట్టాలి, పాతవి కూలగొట్టాలి, పియర్లు, అవే కాంక్రీటు స్తంభాలు, లేపాలి, వాటికి ఇనప తలుపులు వేలాడదియ్యాలి, అందుకే ఆయన కంప్యూటర్ కావాలన్నాడు, ఎవరెంత నవ్వినా. ఆటోనగర్‌లో లారీ షెడ్ల మధ్య ఒక గది, దానికి ఏసీ, లోపల మిషను. ఒక్కో పనికి ఒక్కో అట్టముక్క. పని పేరు, ఎన్ని రోజులు, ఎంతమంది మనుషులు, ఏ పని అయ్యాక ఏ పని, అన్నీ ఆ కార్డు మీద చిల్లులే. కార్డులన్నీ చదివి మిషను చెప్పేది ఇదిగో ఈ పని ఒక్కరోజు ఆగితే మొత్తం ఆగుతుంది, ఆ పని ఆగినా ఫరవాలేదు అని. మార్త ఆ మిషనుతో ఆరేళ్ళు గడిపింది. దాని రొద ఎక్కడ మారితే ఏ కార్డు నలిగిందో ఆమెకి తెలుస్తుంది. ఫిబ్రవరిలో కొత్త కంప్యూటర్ పెట్టెల్లో దిగినప్పుడు ఆయన అడిగాడు, ఏమ్మా మార్తా, ఎప్పుడు మారుద్దాం, నువ్వెప్పుడంటే అప్పుడే, అని. అంత పెద్దమనిషి తన మాట కోసం ఆగితే కొంచెం గర్వంగానే అనిపించింది, అవును, గర్వమే, రెండు రోజులు ఆలోచించి చెప్పింది, ఇప్పుడొద్దండీ, కాలవ కట్టే ముందు మార్చితే కొత్తదాన్ని పరీక్షించుకునే టైము లేదు, కట్టాక మారిస్తే పని మధ్యలో నడుం విరిగినట్టవుతుంది, ఈ సీజను పాతదాంతో లాగేసి నీళ్ళు వదిలాక మారుద్దామండీ, రెండూ పక్కపక్కన కొన్నాళ్ళు నడిపి చూసి మరీ మారుద్దాం. సరేనన్నాడు. ఎవరు మాత్రం కాదంటారు అంత బుద్ధిగా చెప్తే. మే నెల మొదటి వారంలో పాత మిషను కార్డులు చదవడం మానేసింది. ఆ భాగం ఇప్పుడు తయారవడం లేదన్నారు మద్రాసు నించి. పని నడుం మధ్యలోనే విరిగింది.

అప్పుడు మద్రాసు నుంచి వెంకటకృష్ణారావు వచ్చాడు. కొత్త కంప్యూటర్ తాలూకు ఇంజనీరు, మంచివాడు, ఇదిగో ఎదుటి బెంచీ మీద జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ కూచున్నాడు. మొత్తం కార్డులు మూడు రోజుల్లో కొత్తదాంట్లోకి ఎక్కించాడు. పక్కన పెట్టి పోల్చి చూడ్డానికి పాతది లేదు, అది చచ్చిపోయింది. కొత్తది పదో తారీకంది, సరిగ్గా ప్రభుత్వం నీళ్ళు వదుల్తానన్న తారీకే. ఆ రోజు రామకోటేశ్వరరావు గారు షెడ్డంతా మిఠాయి పంచారు. ఏప్రిల్లో పాతది జూన్ ఆఖరు అన్నప్పుడు ముసల్దానికి చాదస్తం అని విసుక్కున్న మనిషి. ఆ సాయంత్రమే కొత్త ప్లాను సైటుకి వెళ్ళిపోయింది. పంపొద్దండీ, ఇంకొక్కసారి చూస్తానండీ అంది మార్త. ఎన్నిసార్లు చూస్తావమ్మా, నువ్వు చూస్తుండగానే వర్షాలు వస్తాయి అన్నాడు. అదీ నిజమే. ఫిబ్రవరిలో చూసి చూసి వద్దన్నది తనేగా. అప్పుడే మార్చి ఉంటే రెండు మిషన్లూ బతికుండేవి, తేడా ఏమిటో మార్చిలోనే బయటపడేది, ఇప్పుడు ఈ బెంచీ మీద ఇలా కూచునేది కాదు. మార్చకపోవడం కూడా ఒక పనే అని, దానికీ ఫలితం ఉంటుందని ఎవరూ చెప్పలేదు ఆమెకి.

జూన్ ఆఖరు అని చెప్తే? చెప్పెయ్యొచ్చు. లోపలి పెద్ద ఇంజనీరు గారు నీళ్ళు ఆపుతారు. ఆపితే కాలవ చివరి ఊళ్ళకి జూలై దాకా చుక్క రాదు. చివరి ఊళ్ళంటే మ్యాపులో గీతల చివర చుక్కలు కావు, సువార్తక్క ఉంది అక్కడ. సముద్రానికి నాలుగు పొలాల ఇవతల. పోయిన నవంబరు ఉప్పెనలో బావ పోయాడు, పశువులు పోయాయి, ఊరి చెరువులోకి సముద్రం వచ్చి పడుకుంది, తర్వాత కాలవ నీళ్ళతో ఒకసారి కడిగి నింపారు గానీ ఎండ ముదిరేసరికి అడుగున ఉప్పే మిగిలింది. పోయిన వారం మార్త బస్సులో క్యాను నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళింది. బెజవాడ కుళాయి నీళ్ళు. అక్క కూతురు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆపకుండా తాగింది, తాగి గ్లాసు వెనక్కి ఇవ్వకుండా గుండెకి ఆనించుకుంది, అక్క దాన్ని కసిరింది, పిన్నిక్కూడా ఉంచవే అంది, మార్త నాకొద్దక్కా అంటే, నీకెందుకులే, నువ్వు పట్నం దానివి అని నవ్వింది, ఎలా నవ్విందో, పెదాల మూలలు తెల్లగా పగిలి ఉన్నాయి, ఉప్పు నీళ్ళతో మొహాలు కడుక్కుని కడుక్కుని. పదో తారీకున వదుల్తారంట కదే? నువ్వక్కడే కదా పని, నీకు తెలుస్తుందిగా, అని అడిగింది. ఔనక్కా పదో తారీకే. అప్పుడు పదో తారీకు అనడం ఎంత సుళువుగా ఉంది.

"మంచినీళ్ళు తాగండమ్మా, మొహం అలా అయిపోయిందేంటి?"

అటెండరు బసవయ్య. చేతిలో స్టీలు గ్లాసు, కూజా నీళ్ళు, మీద వట్టివేళ్ళ వాసన. తీసుకుంది గానీ తాగలేకపోయింది. "మాది పామర్రు దగ్గరమ్మా, నారుమళ్ళు దున్ని ఉంచారు మావాళ్ళు. పదో తారీకు ఖాయమేనా?" అన్నాడు. ఈయనకీ తన మాటే కావాలి. మనిషి మనిషికీ తన మాటే కావాలి. జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుని రామకోటేశ్వరరావు గారు బయటికి వచ్చారు, తెల్ల పంచె, చెమటకి అతుక్కుపోయిన లాల్చీ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వంగి, దాదాపు గుసగుసగా అన్నారు:

"అంతా అయిపోయిందమ్మా, ఇంక నీళ్ళు వదిలే తారీకు మీద సంతకమే. పావుగంటలో పిలుస్తారు. నువ్వేం భయపడబాక. నా పెద్దకూతురు లాంటిదానివి, నీ మాట మీద నాకు నమ్మకం."

"ఏప్రిల్లో జూన్ ఆఖరు అని వచ్చిందండీ. ఆ తేడా ఇంకా దొరకలేదండీ."

"ఏప్రిల్ సంగతి ఏప్రిల్లోనే పోయింది. చూడు మార్తా, నేను మంటాడలో బండి తోలుకున్నోడి కొడుకుని. ఈ లాకులు టయానికి కట్టకపోతే మళ్ళీ నాకు ఎవడూ పని ఇవ్వడు. మూడొందల మంది నన్ను నమ్ముకుని ఉన్నారు. అందులో మీ తమ్ముడు కూడా ఉన్నాడు. గుర్తుపెట్టుకో."

లోపలికి వెళ్ళిపోయారు. బెదిరించినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది, అదే ఇంకా భరించలేనట్టుగా ఉంది. గుర్తుపెట్టుకోవాలా ఇశ్రాయేలుని? వాడు పుట్టిన దగ్గర్నుంచీ చంకన వేసుకు తిరిగింది తనే. అమ్మ పోయాక గుణదలలో ఒక గది అద్దెకి తీసుకుని కార్డులకి చిల్లులు కొట్టే పని చేస్తూ వాణ్ణి ఐటీఐలో చేర్పించింది, వాడిప్పుడు ఆ సైటులో క్రేన్ల మేస్త్రీ, కాలవ అడుగున ఎర్ర హెల్మెట్ పెట్టుకుని తిరుగుతాడు. పోయిన ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక అటు వెళ్ళింది చూడ్డానికి. గుంట అంచున నించుంటే కింద మనుషులు చిన్నగా కనిపించారు. మూడో పియర్ కొత్తగా పోశారు, ఇంకా పచ్చిగా, మీద గోనెపట్టాలు కప్పి ఉంది, రావమ్మ అని ఒక మనిషి, నడివయసు, బిందె భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతోంది దిగుతోంది, ఆ గోనెల మీద నీళ్ళు పోస్తోంది, పోస్తూనే ఉంది. ఎండలో గోనెలు పొగలు కక్కుతున్నాయి. అక్కడ అక్కకి తాగడానికి లేవు, ఇక్కడ రాయికి పోస్తున్నారు అనుకుంది, అనుకుని వెంటనే సిగ్గుపడింది, రాయి కాదు, కాంక్రీటు, తడి ఉండాలి, గట్టిపడాలి, పధ్నాలుగు రోజులు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. అలిసిపోవట్లేదా రావమ్మా అంటే, ఇదేం పనమ్మా, ఇది పని కింద రాయరు కూడా, ఊరికే ఉండేవాళ్ళని పెడతారు దీనికి అని నవ్వింది.

పని కింద రాయరు.

మార్త చేతిలో గ్లాసు ఒరిగిపోయింది, నీళ్ళు ఒళ్ళో పడ్డాయి, చల్లగా. పని కింద రాయరు. ఆ కార్డు ఎలా ఉంటుంది? కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది, ఆమె చేత్తో కొట్టిన చిల్లులే, మూడో పియర్ క్యూరింగు, అదే ఆ తడిపి ఉంచడం, పధ్నాలుగు రోజులు, మనుషులు సున్నా, సిమెంటు సున్నా, ఇనుము సున్నా. ఊరికే ఆగడం. ప్రతి పియర్‌కీ ఒకటి, ప్రతి గోడకీ ఒకటి, మొత్తం పనిలో ఎన్ని ఆగడాలున్నాయో అన్ని కార్డులు. పాత మిషను వాటిని చదివేది, ఆగేది. కొత్తది?

"కృష్ణారావు గారూ, మనుషులూ మెటీరియలూ రెండూ సున్నా ఉన్న కార్డుని మీ మిషను ఏం చేస్తుందండీ?"

ఆయన జేబురుమాలు మడిచి పెట్టుకుంటూ తాపీగా అన్నాడు. "ఖాళీ కార్డనుకుని తీసేస్తుందండీ. మంచి ఏర్పాటు అది. పాత కార్డుల డెక్కుల్లో చెత్త చాలా ఉంటుంది కదా."

"తీసేసినట్టు చెప్పదా?"

"చెప్పక్కర్లేదు కదండీ. ఖాళీవే కదా." అని ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైందండీ?"

ఏమైందంటే, ఆగడం పోయింది. ఆ రోజులన్నీ ఎక్కడికి పోయాయంటే అక్కడికి పోయాయి. పియర్ పోసిన మర్నాడే అది రాయి అయిపోయిందని ఆ కొత్తది నమ్మింది, దాని మీద టన్నుల బరువు తలుపు వేలాడదియ్యమంది, ఆ ప్లాను సైటుకి వెళ్ళిపోయింది, ఇశ్రాయేలు పొద్దున్నే అన్నాడు కదా బస్సు ఎక్కబోతూ, ఇవాళ మధ్యాహ్నం మూడో పియర్‌కి తలుపు ఎత్తుతున్నామక్కా, ఇంత తొందరగా ఎత్తమన్నారేంటని నాకూ అనిపించింది గానీ కంప్యూటర్ చెప్పిందంట కదా, నీ కంప్యూటరే కదా అని నవ్వాడు, నీ కంప్యూటరే కదా, ఇవాళ మధ్యాహ్నం, ఇవాళ, ఇప్పుడు, ఆమె లేచింది, లేచినట్టు తెలియలేదు, గ్లాసు ఎక్కడో మోగింది, పిలవకుండానే ఆ తలుపు తోసింది.

లోపల పెద్ద బల్ల, పెద్ద ఇంజనీరు గారు, ఆయన ముందు కాగితాలు, కలం మూత తీసి ఉంది. రామకోటేశ్వరరావు గారు సగం లేచారు.

"మార్తా, ఇంకా పిలవలేదమ్మా."

"ఫోనండీ. సైటుకి ఫోను కావాలండీ, లాకుల షెడ్డుకి, తొందరగా అండీ, మూడో పియర్ ఇంకా పచ్చిది, దానిమీద తలుపు ఎక్కిస్తున్నారు."

పెద్ద ఇంజనీరు గారు ఒక్క క్షణం ఆమెని చూసి, ఏమీ అడగకుండా రిసీవరు ఎత్తి లైట్నింగ్ కాల్, అన్నిటికంటే ముందు కలిపే ట్రంకు కాల్, బుక్ చేశారు. ఆ కాసేపూ, ఫోను నల్లగా బల్ల మీద కూచుని మోగని ఆ కాసేపూ, ఆమె చెప్పింది. ఏ మాట ముందు చెప్పిందో ఏది తర్వాతో, కార్డులు, సున్నాలు, పధ్నాలుగు రోజులు, చెప్తుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. రామకోటేశ్వరరావు గారి మొహం చూడకూడదనుకుంటూ చూసింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు, అది లేకుండా ఆయన మొహం ఎప్పుడూ చూళ్ళేదు, చాలా ముసలివాడిలా ఉన్నారు.

"అయితే పదో తారీకుకి అవదు," అన్నారు పెద్ద ఇంజనీరు గారు.

"అవదండీ."

"నెలాఖరుదాకా నీళ్ళు ఆపితే అవుతుందా?"

అవుతుందని చెప్పు, అంది లోపల ఒక గొంతు, కనీసం ఓనరు గారికి పని దక్కుతుంది, లాకులు నిలుస్తాయి, ఇశ్రాయేలు ఉద్యోగం నిలుస్తుంది. ఏప్రిల్ లెక్క ప్రకారం జూన్ ఆఖరు. కానీ అది ఏప్రిల్ నాటి లెక్క, తర్వాత ఎన్ని పనులు వెనకబడ్డాయో చెప్పే మిషనే లేదు, ఉన్నది అబద్ధం చెప్తోంది, తెలిసి కాదు పాపం, దానికి ఆగడం అంటే తెలియదు. గ్లాసు గుండెకి ఆనించుకున్న పిల్ల. పెదాల మూలల్లో ఉప్పు. మూడు వారాలు ఆపి, అప్పటికీ అవకపోతే? ఇంకో వారం అంటారు. ఇంకో వారం.

"తెలియదండీ," అంది. "అవుతుందని నేను చెప్పలేను. నీళ్ళు ఆపొద్దండీ. అనుకున్న రోజుకే వదిలెయ్యండి."

"వదిలితే మీ పని మునిగిపోతుంది. మళ్ళీ ఏడాది కాలవ కట్టేదాకా అడుగు కనపడదు."

"తెలుసండీ."

"మార్తా!" అన్నారు రామకోటేశ్వరరావు గారు, కోపంగా కాదు, పడిపోతున్నవాడు పట్టుకోవడానికి చెయ్యి చాచినట్టు. ఆమెకి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఆరేళ్ళ కిందట ఎవరూ ఉద్యోగం ఇవ్వని మాలపల్లి పిల్లని పిలిచి ఆ గది తాళాలు ఇచ్చిన మనిషి. క్షమించండి అంటే, ఏం క్షమిస్తాడాయన, ఏది క్షమిస్తాడు, ఫిబ్రవరినా, ఈ మధ్యాహ్నాన్నా.

ఫోను మోగింది. మార్తే రిసీవరు అందుకుంది, అవతల తమ్ముడు.

"ఇశ్రాయేలూ! తలుపు ఎత్తారా?"

"ఎత్తుతున్నామక్కా," వాడి గొంతు గాలిలో కొట్టుకుపోతూ వచ్చింది, వెనకాల ఇంజను రొద, "గాల్లో ఉంది, ఇంకో అరగంటలో పియర్ మీద కూచోబెట్టేస్తాం. నువ్వెక్కణ్ణించి?"

"దించు. పియర్‌ని తాకనివ్వబాక. మెల్లగా కిందికి దించెయ్. కింద ఎవరున్నారు?"

"కింద అంటే... మనోళ్ళే, పాతికమంది దాకా ఉన్నారు, ఎందుకక్కా?"

"అందర్నీ పైకి తీసుకురా. ముందు వాళ్ళని, తర్వాత తలుపు."

"ఓనరు గారు చెప్పారా?"

ఆమె రిసీవరు అలాగే పట్టుకుని అటు చూసింది. రామకోటేశ్వరరావు గారు కుర్చీలో కూలబడి ఉన్నారు. కిటికీ వైపు చూస్తున్నారు, అక్కడ ఏమీ లేదు, ఎండ తప్ప. ఆమె వైపు తిరక్కుండానే అన్నారు. "దించమను."

"చెప్పారు," అంది.

వాడు రిసీవరు బల్ల మీద పడేసి పరిగెత్తినట్టున్నాడు. చెక్క మీద టక్కుమన్న చప్పుడు, తర్వాత దూరంగా వాడి అరుపు, ఒరే ఏసుపాదం, ఆపండ్రా, ఆపండి, పైకి రండి అందరూ, నిచ్చెన దగ్గర తోసుకోబాకండి, ఒక్కొక్కరూ. ఇంజను రొద తగ్గింది. గొలుసు ఒకటి ఎక్కడో గిరికీ మీద కీచుమంటోంది. ఇనప నిచ్చెన మీద అడుగులు. ఎవరో దగ్గారు. ఎవరో ఏమైందిరా అని అడిగారు, ఎవరో ఏమో అన్నారు, ఎవడో అన్నం క్యారేజీ కింద మర్చిపోయానని వెనక్కి దిగబోతే ఇశ్రాయేలు బూతు తిట్టాడు, మార్త ఎన్నడూ వినలేదు వాడి నోట ఆ మాట. ఆమె రెండు చేతులతో రిసీవరు చెవికి నొక్కి పట్టుకుంది. రేపు ఆ గది తాళాలు ఇచ్చెయ్యాలేమో. పదో తారీకున ఆ గుంటలోకి నీళ్ళు దిగుతాయి, సగం కట్టిన గోడలు, సెంట్రింగు చెక్కలు, పచ్చి పియర్, అన్నీ మునుగుతాయి, ఆ నీళ్ళే చివరికి సముద్రం దాకా పోతాయి. బల్ల మీద సంతకం పెట్టని కాగితం గాలికి లేస్తే పెద్ద ఇంజనీరు గారు దాని మీద చెయ్యి పెట్టారు.

"మూడు నిమిషాలు అయిందండీ," ట్రంకు ఆపరేటరు అమ్మాయి మధ్యలోకి వచ్చింది. "మాట్లాడటం లేదేంటి? కట్ చెయ్యమంటారా?"

"వద్దమ్మా, ఉంచు," అంది మార్త. "ఇంకా అందరూ పైకి రాలేదు."